సుపారీ, టిక్కెట్టు, రికార్డు: మరాఠీ గాయకుల బతుకుతెరువు చరిత్ర

మరాఠీ నేల మీద పాటనే నమ్ముకుని బతికినవాళ్లు శివాజీ కాలానికే ఉన్నారు. 1659లో ప్రతాప్‌గడ్ దగ్గర బిజాపూర్ సేనాని అఫ్జల్‌ఖాన్ శివాజీ చేతిలో హతమైన ఘట్టం మీద అజ్ఞాన్‌దాస్ అనే షాహీరు పోవాడా, అంటే వీరగాథ, కట్టాడు. నేటికి దొరుకుతున్న పోవాడాల్లో బాగా పాతవాటిలో అదొకటి. ఆ పాటకు గుర్రమూ బంగారమూ బహుమానంగా ముట్టాయని సంప్రదాయం చెబుతుంది. షాహీరు డఫ్ వాయిస్తూ నిలబడి గొంతెత్తి కథ చెబుతుంటే, వెనక తుణ్‌తుణే మీటుతూ ఒకరిద్దరు పల్లవి అందుకుంటారు. బుర్రకథ తెలిసిన తెలుగువాళ్లకు ఈ అమరిక కొత్తగా ఉండదు. పాడినవాడికి అందే ప్రతిఫలం మాత్రం దొరగారి దయ మీదే ఉండేది. యుద్ధం గెలిస్తే కానుక, ఓడితే మౌనం.

పేష్వాల చివరి దశాబ్దాల్లో పుణె కొలువు పోవాడాతోపాటు లావణి అనే శృంగార గీతాన్ని కూడా చేరదీసింది. సోలాపూర్ రామ్ జోషి, సంగమ్‌నేర్ అనంత్ ఫందీ, ప్రభాకర్, పరశురామ్, సగన్‌భావు ఆ కాలపు పెద్ద పేర్లు. వీరిలో హోనాజీ, బాళా జంటది విడి కథ. పాలమ్ముకునే గవళీ కులంలో పుట్టిన హోనాజీ పాట కడితే, బాళా కరంజ్‌కర్ పాడేవాడు. రెండో బాజీరావు వారిని ఆదరించాడు. వి. శాంతారామ్ 1951లో తీసిన ‘అమర్ భూపాళీ’ సినిమా ఈ హోనాజీ కథే. రచన ఒకరిది, గొంతు మరొకరిది, పేరు ఇద్దరిదీ కావడం ఆ జంట ప్రత్యేకత. తర్వాతి రోజుల్లో రికార్డు కంపెనీలు కవిని, గాయకుణ్ణి వేర్వేరు ఖాతాల్లో రాసుకోవడంతో ఇలాంటి జమిలి పేర్లు అరుదైపోయాయి.

1818లో పేష్వా రాజ్యం కూలింది. కొలువు పోయింది, కానుకలు పోయాయి. షాహీర్లు, లావణి పాడేవాళ్లు ఊళ్ల మీద పడ్డారు. తమాషా అనే జానపద ఆటపాటల ఫడ్‌లు, అంటే సంచార బృందాలు, జాతర్ల చుట్టూ తిరగడం మొదలైంది. ఒక దొర స్థానంలోకి వంద ఊళ్ల పెద్దలు వచ్చారు. ఈ మార్పు నష్టమనే చాలామంది రాశారు గాని, మరాఠీ గాయకుడు మొదటిసారి జనం సొమ్ముతో బతకడం నేర్చింది అప్పుడే.

గుడి దారి మరొకటి ఉంది. నారదీయ కీర్తనలో హరిదాసు మెడలో దండతో నిలబడి, పూర్వరంగంలో తత్త్వమూ ఉత్తరరంగంలో కథా చెబుతూ పాడతాడు. చివరికి హారతి పళ్లెంలో పడిన చిల్లర, ఊరివాళ్లు ఇచ్చే బిదాగీ (పారితోషికం) అతని రాబడి. ఈ పద్ధతి తంజావూరు మరాఠా రాజుల వెంట దక్షిణానికి దిగింది. పంతొమ్మిదో శతాబ్దంలో తంజావూరు కృష్ణ భాగవతార్ దాన్ని కర్ణాటక సంగీతంలో కలిపి కొత్త రూపం దిద్దాడు. ఆ గాలి మద్రాసు మీదుగా విజయనగరం చేరింది. కుప్పుస్వామి నాయుడు చెప్పిన హరికథ విన్న ఆదిభట్ల నారాయణదాసు తెలుగు హరికథకు పితామహుడయ్యాడు. మహారాష్ట్రలో కీర్తన చాలామందికి సంగీతంలో మొదటి బడి. పెద్ద నాటక గాయకుల్లో పలువురి చెవి తెరుచుకున్నది కీర్తన మంటపాల్లోనే.

పాటగాడికి నెలజీతం అనే మాట వినబడింది సంగీత నాటకంతో. 1843లో సాంగ్లీ పట్వర్ధన్ సంస్థానాధీశుడి ప్రోత్సాహంతో విష్ణుదాస్ భావే ‘సీతా స్వయంవర్’ ఆడించాడు. అందులో పాటంతా సూత్రధారుడిదే, వేషధారులు అభినయించేవారు. ఈ పద్ధతిని తిరగరాసినవాడు అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్, ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగి. 1880 అక్టోబర్ 31న పుణెలో ఆయన ఆడించిన ‘సంగీత శాకుంతల్’లో పాత్రలే తమ పాటలు తాము పాడుకున్నాయి. 1882లో ‘సౌభద్ర’ వచ్చింది. బడోదా నుంచి తెచ్చుకున్న భావురావు కొల్హాట్‌కర్ స్త్రీ పాత్రలో పాడితే జనం విరగబడ్డారు. గొంతు బాగుంటే చాలు, నటన తర్వాత చూసుకోవచ్చు అనే ధోరణి అక్కడే నాటుకుంది. ఆ ధోరణి యాభై ఏళ్లు మరాఠీ రంగస్థలాన్ని పోషించింది, చివరికి దాన్ని ముంచినదీ అదే.

అదే 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం ఆంధ్ర పట్టణాల్లో ప్రదర్శనలిచ్చింది. వాటిని చూసినవాళ్లు తెలుగులో నాటకాలు కట్టడానికి పూనుకున్నారు. రంగస్థలం మీద హార్మోనియం ముందు నిలబడి రాగం తీసే అలవాటు రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకే కాలంలో ముదిరింది. తెలుగు పద్యనాటకంలో ‘వన్స్‌మోర్’ కేకలు ఎలాగో మరాఠీ నాట్యపదానికీ, అంటే రంగస్థల పాటకూ, అలాగే. కథ ఆగిపోయినా ఫరవాలేదు, పాట మళ్లీ రావాలి.

నాటక కంపెనీ అంటే ఊరూరా కదిలే ఒక పెద్ద కుటుంబం. తిండి, బస, జీతం, పాట నేర్పే ఉస్తాదు అన్నీ కంపెనీవే. పదేళ్ల పిల్లవాడు చేరితే అక్కడే చదువు, అక్కడే సాధన. గొంతు మారే వయసులో చాలామంది భవిష్యత్తు తెగిపోయేది. నారాయణ శ్రీపాద్ రాజహంస్ అనే కుర్రాడి పాట విని ‘బాలగంధర్వ’ అన్నది తిలక్ అని చెబుతారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ అతని చెవి జబ్బుకు మిరజ్‌లో వైద్యం చేయించాడు. 1905లో ఆ కుర్రాడు కిర్లోస్కర్ కంపెనీలో చేరాడు. 1911లో ఖాడిల్‌కర్ రాసిన ‘మానాపమాన్’కు గోవిందరావు టెంబే సంగీతం కట్టాడు. తొలి ప్రదర్శన రోజున సొంత కూతురు చనిపోయినా బాలగంధర్వ వేషం కట్టి పాడాడు. ఈ సంఘటనను త్యాగంగా కథలు కథలుగా చెబుతారు. అందులో కనబడేది వ్యాపారపు ఒత్తిడి కూడా. ఒక్క గొంతు మీద కంపెనీ అంతా నిలబడి ఉంటే, ఆ గొంతుకు సెలవు దొరకదు.

1913లో బాలగంధర్వ, టెంబే, గణేశ్ బోడస్ కలిసి గంధర్వ నాటక మండలి పెట్టారు. జీతగాడు యజమాని అయ్యాడు. ‘స్వయంవర్’కు భాస్కర్‌బువా బఖలే శాస్త్రీయ బందిశ్‌ల నుంచి బాణీలు తెచ్చాడు. రాగాలు మధ్యతరగతి ఇళ్లలోకి అలా చేరాయి. ఖరీదైన చీరలు, అసలైన అత్తరులు, నగిషీ తెరల మీద బాలగంధర్వ మంచినీళ్లలా ఖర్చు పెట్టాడు. రాబడి ఎంతున్నా అప్పు దానికంటే ముందు నడిచింది. 1921లో కేశవరావు భోసలే లలితకళాదర్శ్ బృందంతో కలిసి ‘సంయుక్త మానాపమాన్’ ఆడారు. ఇద్దరు పోటీ తారలు ఒకే వేదికెక్కిన ఆ ప్రదర్శనకు ప్రేక్షకులు పోటెత్తారు, రాబడిని తిలక్ స్వరాజ్య నిధికి ఇచ్చారు. ఆ ఏడాదే కేశవరావు ముప్ఫై ఒకటో ఏట కన్నుమూశాడు.

టాకీ రావడంతో నాటక కంపెనీల ఈ లోకం కూలింది. 1932లో ప్రభాత్ సినిమా కంపెనీ వారి ‘అయోధ్యేచా రాజా’ వచ్చింది. నాటకం టిక్కెట్టు కంటే సినిమా టిక్కెట్టు చవక. బాలగంధర్వ 1935లో ప్రభాత్ ‘ధర్మాత్మా’లో ఏకనాథుడిగా నటించాడు గాని, స్త్రీ పాత్రలతో పేరు పొందిన మనిషికి కెమెరా ముందు పురుష వేషం కలిసిరాలేదు. మళ్లీ వేదికకే వెళ్లి, చాలాకాలం ఆస్తి లేకుండా అభిమానంతోనే బతికాడు. పద్మభూషణ్ 1964లో వచ్చింది. 1967లో పోయాడు. ఆ మరుసటి ఏడాది పుణెలో ఆయన పేర తెరుచుకున్న రంగమందిరం నేటికీ మరాఠీ గాయకులు తమ టిక్కెట్టు బలం తూచుకునే వేదికల్లో ఒకటి.

బల్వంత్ సంగీత మండలి స్థాపకుల్లో ఒకడైన దీనానాథ్ మంగేష్కర్‌దీ ఇంచుమించు ఇదే దారి. కంపెనీ పోయి, సినిమాలో చెయ్యి కాలి, 1942లో ఆయన మరణించేనాటికి పెద్ద కూతురు లతకు పదమూడేళ్లు నిండలేదు. మాస్టర్ వినాయక్ కంపెనీలో ఆమె నెలజీతానికి చేరింది. ఆ ఏడాదే ‘పహిలీ మంగళాగౌర్’లో చిన్న వేషం వేసి పాడింది. నాటక కంపెనీల పతనంలోంచి సినిమా నేపథ్యగానం పుట్టిన తీరుకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

స్త్రీల సంగతి వేరుగా చెప్పుకోవాలి. గౌరవనీయమైన ఇంటి ఆడవాళ్లు నలుగురిలో పాడకూడదనే కట్టు 1920ల దాకా గట్టిగా ఉంది. దాన్ని తెంచినవాళ్లలో హీరాబాయి బడోదేకర్ ముందుంటుంది. అబ్దుల్ కరీంఖాన్, తారాబాయి మానేల కూతురైన ఈమె టిక్కెట్టు పెట్టి బహిరంగ కచేరీలు చేసింది. మెహఫిల్‌లో ఒక షావుకారు ఎదుట కూచునే పద్ధతికి భిన్నంగా, టిక్కెట్టు కొన్న అపరిచితుల ముందు కూచుని పాడడం స్త్రీకి రక్షణ కూడా ఇచ్చింది. గోవాలో పుట్టిన జ్యోత్స్నా భోళే 1933లో ‘ఆంధళ్యాంచీ శాళా’ నాటకంతో రంగస్థలం మీదికి వచ్చి, తర్వాత భావగీతానికి తన గొంతు ఇచ్చింది. దేవదాసీ, కళావంత కుటుంబాల స్త్రీలకు మాత్రం ఈ గౌరవం ఆలస్యంగా, వాయిదాల్లో దొరికింది.

గ్రామఫోన్ రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. కొద్ది కాలానికే బొంబాయిలో నాట్యపదాల రికార్డులు జోరుగా అమ్ముడుపోయాయి. 78 వేగపు పళ్లెంలో ఒక్కో వైపు మూడు నిమిషాలే పడుతుంది. అరగంట సాగే నాట్యపదాన్ని మూడు నిమిషాల్లో కుదించిన గాయకుడే నిలబడ్డాడు. ఆ కొలతకు తగినట్టుగా పుట్టిందే భావగీతం: ఒక కవిత, రెండు మూడు చరణాలు, పలచని వాద్యాలు, మనసులో మాట చెప్పుకునే గొంతు. వకీలు చదువు చదివిన జి. ఎన్. జోషి 1930ల మొదట్లో విదర్భ కవి నా. ఘ. దేశ్‌పాండే కవితను రికార్డుకు పాడాడు. అది విపరీతంగా ఆడింది. జోషి తర్వాత రికార్డు కంపెనీ హెచ్‌ఎంవీలోనే ఉద్యోగిగా చేరి, ఇతరుల రికార్డులు తీయించే కుర్చీలో కూచున్నాడు. గాయకుడు కంపెనీ మనిషి కావడం అప్పటికి ఎదుగుదల లెక్క.

గజాననరావు వాట్వే మరో మార్గం చూపించాడు. 1893లో తిలక్ సార్వజనిక ఉత్సవంగా మలిచిన గణేశోత్సవం అప్పటికే మేళాలకూ పాటలకూ పెద్ద పోషకుడు. 1930ల చివర, 1940ల్లో మైకు వచ్చాక, వాట్వే పుణె కూడళ్లలో హార్మోనియం ముందు ఒంటరిగా కూచుని భావగీతాలు పాడేవాడు. నాటక కంపెనీ లేదు, వేషం లేదు, ఉస్తాదు లేడు. గణేశ మండలి ఇచ్చే బిదాగీ, పది రోజుల్లో వరుస కార్యక్రమాలు, ఆ పాటలు రికార్డయితే అదనపు పేరు. ఇప్పుడు ‘స్వతంత్ర గాయకుడు’ అని పిలిచే మనిషి మరాఠీలో మొదటిసారి కనబడింది ఇక్కడేనని చెప్పడం సబబు. గణపతి పందిరి నేటికీ ఆ వృత్తికి పెద్ద దన్ను. 1980ల తర్వాత దానికి ‘దివాళీ పహాట్’ తోడైంది. దీపావళి వేకువన తలంటు పోసుకుని పట్టుచీరలు కట్టుకుని వచ్చే జనం కోసం పార్కుల్లో, నాటకశాలల్లో పెట్టే కచేరీలవి. ఆ నాలుగైదు రోజులకు మంచి గాయకుణ్ణి ఖాయం చేసుకోవాలంటే నెలల ముందు మాట్లాడుకోవాలి.

రేడియో స్థిరత్వం ఇచ్చింది. బొంబాయి స్టేషన్ 1927 జులైలో మొదలైంది, పుణె కేంద్రం 1953లో. సమాచార మంత్రి బి. వి. కేస్కర్ సినిమా పాటను ఆకాశవాణి నుంచి గెంటినప్పుడు, ఆ ఖాళీలో ‘సుగమ సంగీతం’ పేరుతో లలితగీతాలకు చోటు దొరికింది. ఆడిషన్ పాసైతే గ్రేడు, గ్రేడును బట్టి ఫీజు. చిన్న మొత్తమే, అయినా ‘ఆకాశవాణి కళాకారుడు’ అనే మాట పెళ్లి పత్రికల్లో సైతం అచ్చయ్యేది. పుణె కేంద్రం పని ఫీజులతో ఆగలేదు. 1955 ఏప్రిల్ 1న శ్రీరామనవమి నాడు గ. ది. మాడ్‌గూళ్‌కర్ రాసి సుధీర్ ఫడ్కే బాణీ కట్టిన ‘గీత రామాయణం’ మొదలైంది. వారానికో పాట చొప్పున ఏడాదికి పైగా సాగి మొత్తం 56 పాటలయ్యాయి. మాణిక్ వర్మ, వసంతరావు దేశ్‌పాండే, లతా మంగేష్కర్, మాలతీ పాండే వంటివాళ్లు వేర్వేరు పాత్రలకు గొంతిచ్చారు. రేడియో ముందు పూలు పెట్టి అగరుబత్తి వెలిగించి విన్నవాళ్లున్నారు. తర్వాత ఇది తెలుగుతో సహా అనేక భాషల్లోకి అనువాదమైంది.

ఆ తర్వాత జరిగింది వృత్తి చరిత్రకు ముఖ్యం. రేడియోలో పదిమంది పాడిన పాటలన్నిటినీ ఫడ్కే ఒక్కడే వేదిక మీద పాడడం మొదలుపెట్టాడు. దశాబ్దాల పాటు ఊరూరా గీత రామాయణ కార్యక్రమాలు జరిగాయి. ఆకాశవాణి పారితోషికం ఒక్కసారిది. జనం ఎదుట పాడినది మాత్రం జీవితాంతం నిలిచిన రాబడి. ప్రసారమో రికార్డో పేరు తెచ్చిపెడితే, ఆ పేరును టిక్కెట్టుగా మార్చుకోవడం అనే లెక్క మరాఠీ గాయకుడికి అలా స్థిరపడింది. అరుణ్ దాతే కథా ఇదే. మంగేశ్ పాడ్‌గావ్‌కర్ కవిత, శ్రీనివాస్ ఖళే బాణీ, సుధా మల్హోత్రాతో యుగళగానం: 1960ల మొదట్లో వచ్చిన ‘శుక్రతారా’ అతన్ని ఇంటింటి గొంతు చేసింది. అయినా వస్త్ర పరిశ్రమ ఇంజనీరుగా మిల్లు ఉద్యోగం చాలా ఏళ్లు వదల్లేదు. ఉద్యోగం మానాక ‘శుక్రతారా’ పేరుతోనే వేలాది కార్యక్రమాలు చేశాడు. శాస్త్రీయ గాయకుడు వసంతరావు దేశ్‌పాండే సైతం మిలిటరీ లెక్కల కచేరీలో గుమాస్తాగా ఏళ్లు గడిపి, నలభై దాటాక రాజీనామా ఇచ్చాడు. 1967లో ‘కట్యార్ కాళజాత్ ఘుసలీ’ నాటకంలో ఖాఁసాహెబ్ పాత్రతో నిలదొక్కుకున్నాడు. పాట పూర్తికాలపు పని కావడానికి ముందు జీతం రాళ్లు కావాలి అన్నది ఆ తరం మధ్యతరగతి గాయకుల్లో దాదాపు నియమం.

సినిమా మాటకు వస్తే, మరాఠీకి ఒక వింత కష్టం ఉంది. హిందీ సినిమా రాజధాని మరాఠీవాళ్ల నగరంలోనే ఉంది. లత, ఆశ, తర్వాత సురేశ్ వాడ్కర్ వంటి గొంతులను అది మింగేసింది. మరాఠీ నిర్మాతకు వాళ్ల తీరిక సమయం, అభిమానపు తగ్గింపు మాత్రమే మిగిలేవి. కొత్త గాయకుడు మరాఠీలో పేరు తెచ్చుకోగానే తర్వాతి మెట్టు హిందీ అని అందరూ అనుకోవడం వల్ల, మరాఠీ పాటను సొంత పరిశ్రమగా చూసే పెట్టుబడి చాలాకాలం రాలేదు. మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలి తన ఇల్లు తాను కట్టుకున్న తెలుగు సినిమాకు ఈ ఇబ్బంది లేదు.

మధ్యతరగతి హాళ్లకు అవతల మరో లోకం ఉంది. తమాషా, లావణి పాడేవాళ్లలో ఎక్కువమంది మహార్, మాంగ్, కొల్హాటీ కులాలవాళ్లు. బ్రాహ్మణుడైన పఠ్ఠే బాపూరావు తమాషా నర్తకి పవళాతో జతకట్టి తమాషాలోకి దిగడం ఆ రోజుల్లో పెద్ద గొడవ. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బొంబాయి ప్రభుత్వం తమాషాను అశ్లీలమంటూ నిషేధించి, తర్వాత పాఠాల తనిఖీ షరతుతో అనుమతించింది. పుణె జిల్లా నారాయణ్‌గావ్‌లో ఏటా ఉగాది ముందు రోజుల్లో ఫడ్‌ల యజమానులు రాహుట్యా, అంటే గుడారాలు, వేసుకుని కూచుంటారు. జాతర పెట్టుకునే ఊళ్ల పెద్దలు వచ్చి బేరమాడి బయానా ఇస్తారు. దాన్ని ‘సుపారీ’ అంటారు. కాగితం ఒప్పందం కంటే ఆ మాటకే కట్టుబాటు. వానలు బాగా పడి పంట చేతికొస్తే సుపారీ పెరుగుతుంది, కరువొస్తే ఫడ్ అప్పుల పాలవుతుంది.

ఆ లోకపు పెద్ద పేరు విఠాబాయి భావు మాంగ్ నారాయణ్‌గావ్‌కర్. రాష్ట్రపతి చేతుల మీదుగా రెండుసార్లు పురస్కారం అందుకున్న ఆమె చివరి రోజులు ఆర్థిక ఇబ్బందుల్లో గడిచాయి. 2002లో ఆమె మరణించాక రాష్ట్ర ప్రభుత్వం ఆమె పేర జీవనసాఫల్య పురస్కారం పెట్టింది. సినిమా లావణి మాత్రం ఆమె పాడుతున్న కాలంలోనే బంగారం పండించింది. 1972 నాటి ‘పింజరా’ పాటలు ఉషా మంగేష్కర్ గొంతులో ఊరూరా మోగాయి. సులోచనా చవాన్ రికార్డు లావణితో ఇంటింటికీ చేరింది. స్టూడియోలో పాడిన లావణికి దక్కిన మర్యాద పందిట్లో పాడిన లావణికి దక్కలేదు. వాయి ప్రాంతపు యమునాబాయి వాయికర్ బైఠకీ లావణిని కాపాడుకుంటూ వచ్చి పద్మశ్రీ అందుకునేసరికి తొంభై దాటింది.

షాహీరు సైతం కొత్త అవతారమెత్తాడు. అణ్ణాభావు సాఠే, అమర్ షేఖ్, గవాణ్‌కర్ 1944లో లాల్ బావటా కళాపథకం కట్టి మిల్లు కార్మికుల మధ్య పాడారు. తెలంగాణ సాయుధ పోరాటం మీద అణ్ణాభావు పోవాడా కట్టాడు. మరాఠీవాళ్లకు ఒకే రాష్ట్రం కోరిన సంయుక్త మహారాష్ట్ర ఉద్యమాన్ని జనంలోకి మోసుకెళ్లినవి ఇలాంటి గొంతులే. రాష్ట్రం ఏర్పడ్డాక షాహీర్ సాబళే తన సొంత ‘పార్టీ’తో, అంటే గాయక బృందంతో, వేదిక, రికార్డు, టీవీ మూడింటినీ పట్టుకుని వ్యాపారంగా నిలదొక్కుకున్నాడు. ఆయన పాడిన మహారాష్ట్ర గీతాన్ని 2023లో ప్రభుత్వం రాష్ట్ర గీతంగా ప్రకటించింది. అణ్ణాభావు అంతకు చాలా ముందే, 1969లో, పేదరికంలో పోయాడు.

అంబేడ్కర్ ఉద్యమపు జల్సాలది, అంటే పాటల ప్రదర్శనలది, మరో పాయ. నాసిక్ జిల్లాలో పుట్టిన వామన్‌దాదా కర్డక్ వేలకొద్దీ పాటలు కట్టి, దారి ఖర్చులు ఇస్తే చాలునని వాడవాడలా తిరిగాడు. 1980ల్లో క్యాసెట్ వచ్చాక ఈ పాటకు కొత్త బలం చేకూరింది. హెచ్‌ఎంవీ తలుపు తట్టినా తెరుచుకోని గాయకులకు, ఒక గదిలో రికార్డు చేసి నకళ్లు తీసే చిన్న కంపెనీలు దొరికాయి. ప్రహ్లాద్ షిండే పాడిన విఠ్ఠల భక్తిగీతాలు, అంబేడ్కర్ మీద కట్టిన భీమగీతాలు, ఆయన కొడుకు ఆనంద్ షిండే జనపాటలు లక్షల ఇళ్లకు వెళ్లాయి. ధమ్మదీక్ష రోజున నాగపూర్ దీక్షాభూమి దగ్గర, అంబేడ్కర్ వర్ధంతి అయిన డిసెంబర్ 6న ముంబయి చైత్యభూమి దగ్గర పుస్తకాల పక్కన క్యాసెట్ల గుట్టలు పోసి అమ్మేవారు. కంపెనీలు ఎక్కువగా ఏకమొత్తం ఇచ్చి హక్కులు రాయించుకున్నాయి. దాంతో ఈ గాయకులూ రాబడి కోసం అంబేడ్కర్ జయంతి వేదికల మీదే ఆధారపడ్డారు. మరాఠీ పాట అమ్మకాల్లో దళిత గాయకుల వాటా ఎంత పెద్దదో సంగీత విమర్శ చాలాకాలం పట్టించుకోలేదు. పుణె, దాదర్ హాళ్లలో వినబడనిది లేనట్టేనని ఆ విమర్శ నమ్మింది.

హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం రచయితనూ స్వరకర్తనూ గుర్తించింది గాని గాయకుణ్ణి పక్కన పెట్టింది. 1960ల్లో లత రాయల్టీ అడిగినప్పుడు గొడవైంది. కలిసి పాడే రఫీ కూడా ఒప్పుకోలేదు. ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో చట్టంలోకి వచ్చింది. 2012 సవరణ వాణిజ్య వాడకంలో గాయకుడికి రాయల్టీ ఉందని తేల్చింది, మరుసటి ఏడాది గాయకుల హక్కుల సంఘం ఏర్పడింది. ఈ చట్టాల ఫలం పాత హిందీ పాటల గాయకులకు అందినంతగా మరాఠీ భావగీత గాయకులకు అందలేదు.

క్యాసెట్ చివరి దశ, సీడీ కాలంలో సొంతంగా పాడుకునేవాళ్ల కొత్త అల వచ్చింది. మిలింద్ ఇంగళే, కవి సౌమిత్ర కలిసి చేసిన ‘గారవా’ కాలేజీ కుర్రకారును మరాఠీ పాట వైపు తిప్పింది. 2003లో సలీల్ కులకర్ణి, సందీప్ ఖరే ‘ఆయుష్యావర్ బోలూ కాహీ’ మొదలుపెట్టారు. కవే పాడతాడు, మధ్యలో కబుర్లు చెబుతాడు, పక్కన హార్మోనియం. ఖర్చు తక్కువ, హాలు నిండుతుంది, ప్రదర్శనలు వందలు దాటాయి. ఇలాంటి కార్యక్రమానికి నివేదక్, అంటే పాటకూ పాటకూ మధ్య కథ నడిపే వ్యాఖ్యాత, గాయకుడంత ముఖ్యం. మరాఠీ శ్రోత పాటతోపాటు దాని వెనక ముచ్చటకు కూడా డబ్బిస్తాడు. వారాంతాల్లో దాదర్ శివాజీ మందిర్, ఠాణే గడ్కరీ రంగాయతన్, పుణె బాలగంధర్వ తిరిగి, రెండేళ్లకోసారి అమెరికా మరాఠీ మండళ్ల సమ్మేళనాలకు వెళ్లగలిగితే గాయకుడు కుదురుకున్నట్టు.

ముంబయి ప్రైవేటు ఎఫ్‌ఎంలు మరాఠీ పాటలు వెయ్యకపోవడం స్వరకర్త కౌశల్ ఇనాందార్‌ను రెచ్చగొట్టింది. సురేశ్ భట్ కవితకు బాణీ కట్టి, సామాన్యుల చందాలతో, వందల గొంతులతో రికార్డు చేసి, 2010 ఫిబ్రవరి 27న మరాఠీ భాషా దినం నాడు ‘అభిమాన గీత్’ విడుదల చేశాడు. శ్రోతలే పెట్టుబడి పెట్టిన పాట అది. టీవీ మరోవైపు నుంచి తోసింది. 2009లో ముగిసిన ‘సారెగమప లిటిల్ చాంప్స్’లో కార్తికీ గాయక్వాడ్ గెలిచింది. ఆర్యా ఆంబేకర్, ముగ్ధా వైశంపాయన్, ప్రథమేశ్ లఘాటే, రోహిత్ రావుత్ సహా ఆ అయిదుగురు పిల్లలు ఒక్క సీజన్‌తో రాష్ట్రమంతటికీ తెలిశారు. పెద్దయ్యాక కూడా వేదిక మీద ఆ పేరే వాళ్లకు పెట్టుబడి.

2016లో ‘సైరాట్’ పాటలతో అజయ్-అతుల్ మరాఠీ పాట భాష తెలియనివాళ్ల చెవికీ చేరగలదని చూపించారు. అదే ఏడాది చవక డేటా వచ్చింది. రికార్డింగు ఖర్చు పడిపోయింది. ల్యాప్‌టాప్, మైకు, దుప్పట్లు కట్టిన గది చాలు. పంపిణీ సంస్థ ద్వారా పాట అన్ని స్ట్రీమింగ్ యాప్‌లకూ ఒకేసారి వెళుతుంది. వచ్చే పైసలు వినికిడి లెక్కన చీలి, పంపిణీదారు కోత పోయి చేతికొస్తాయి. పాత పాటను కొత్తగా పాడి పెడితే హక్కుదారు కంపెనీ యంత్రం దాన్ని పసిగట్టి రాబడిని తనవైపు మళ్లించుకుంటుంది. కాబట్టి సొంత పాట రాయించుకోగలిగినవాడే లాభపడతాడు. జళ్‌గావ్ జిల్లా నుంచి వచ్చిన సంజూ రాఠోడ్ తానే రాసి పాడిన ‘గులాబీ సాడీ’ 2024లో రీల్స్ మీదుగా దేశమంతా తిరిగింది. ఠాణే, రాయగడ్ తీరంలో ఆగ్రీ, కోళీ కులాల పెళ్లిళ్లలో ధవళారిణులు అనే గాయనులు పాడే పసుపు పాటల పక్కనే కుర్రాళ్లు కొత్త హల్దీ పాటలు కట్టి యూట్యూబ్‌లో పెడుతున్నారు. ఆ పాట ఆడితే పెళ్లిళ్ల సీజన్‌లో బుకింగులు వస్తాయి.

కరోనా కాలంలో 2020 మార్చి నుంచి హాళ్లు మూతబడ్డప్పుడు ఈ లెక్క ఎంత పెళుసో తెలిసింది. వినికిడి పెరిగినా, గణపతి పందిళ్లు, జాతర్లు, దివాళీ పహాట్‌లు ఆగిపోయేసరికి తబలా, హార్మోనియం, ఢోల్కీ కళాకారుల ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. ఆన్‌లైన్ పాఠాలు చాలామందిని నిలబెట్టాయి. ‘కట్యార్’ నాటకం ఆధారంగా వచ్చిన సినిమాలో పాటకు జాతీయ పురస్కారం పొందిన మహేశ్ కాళే లాంటివాళ్లు అమెరికాలో ఉంటూ నేర్పే తరగతులు, పుణెలో గల్లీకొకటిగా ఉన్న సంగీత క్లాసులు ఇప్పుడు గాయకుల రాబడిలో స్థిరమైన భాగం. హాళ్లు తెరిచాక అందరూ మళ్లీ వేదికకే పరుగెత్తారు. ఇప్పుడు నారాయణ్‌గావ్ గుడారాల్లో బేరానికి కూచునే ఊరి పెద్దలు ఫడ్ యజమానిని రెండు సంగతులు అడుగుతున్నారు: సుపారీ ఎంత, యూట్యూబ్‌లో ఆడిన ఆ పాట పాడే అమ్మాయి వస్తుందా.